టికెట్ వెనుక

ఆసిఫాబాద్ బస్టాండుల
కోతిటోపీ చెవులమీదికి గుంజుకుంట
ఒకాయన అడిగిండు:
"ఇక్కడ మంచి కాఫీ ఎక్కడ దొరుకుద్దండీ?"
ఉట్నూరు బ్రాంచికి కొత్తగా వచ్చిన మేనేజరట,
ఏలూరు దిక్కు మాట.

పొద్దున ఐదున్నర.
అంకూస్ ఇంజను గరం జేస్తున్నడు.
నోటు పట్టుకుంటే ఇరవయ్యో యాభయ్యో
నా వేళ్లకు తెలుస్తలేదు.
మా దిక్కు ఇగం ఎముకలు లెక్కబెడ్తది,
ఒక్కటి మర్వదు.

చాయ్ అడిగితే వెంటనే చెప్తుంటి.
మేం చాయ్ మనుషులం.
కాఫీ అంటే మాకు
జరమొచ్చిననాడు, లేకుంటే తనిఖీకి ఆఫీసరొచ్చిననాడు.

ఎదురుంగ మిషిన్ ఉన్నది,
మీట నొక్కితే నురుగు ఉమ్ముతది.
కెరమెరి మూలమీద నసీర్‌ను కాఫీ అడిగితే
మసులుతున్న చాయ్‌లనే పొట్లం చింపి పోస్తడు,
రెంటి పైసలూ తీస్కుంటడు.

ఇగ ఘాటు.
మంచు అద్దంమీద కూసుంటది,
అంకూస్ తువ్వాలతోని తుడుస్తడు,
అది మళ్ల కూసుంటది.
మూడో మలుపు దాటినంక
లింబుగూడకాడ పది నిమిషాలు బండి ఆగుతది.
రేడియేటరుకు నీళ్లు అని డిపోల రాస్తం.
నీళ్లు కూడ పోస్తం.

కుంరా జైతు ఫారెస్టోళ్లకాడ వాచరు.
ట్రైనింగుకని అరకు తోల్కపోతే
అందరు ఫొటోలు తెచ్చుకున్నరు,
జైతు తడిగుడ్డల చుట్టి ఏడు మొక్కలు తెచ్చిండు.
రెండు చలికి పోయినయి.
ఒకటి మేక తిన్నది,
ఆ మేక రెండు రాత్రులు నిద్రపోలేదని చెప్తడు.
నేను నమ్ముత.

మిగిలిన నాలుగు పెరట్ల మామిడి నీడకున్నయి.
ఏడాదికి రెండు శేర్ల గింజలు.
వాటిని సోంబాయి జొన్నలేంచే పెంకుమీదనే ఏంచుతది,
అందుకే ఆ కాఫీ అడుగున
కాలిన జొన్న వాసన.
రోట్ల దంచుతది, మెత్తగ కాదు,
పంటికింద పలుకు తగుల్తది.
మేక ఈనితే పాలు, లేకుంటే నల్లగనే,
బెల్లంముక్క కొరుక్కుంట తాగాలె.
కాఫీ అనదు ఆమె.
'జైతు గింజల నీళ్లు' అంటది.

మొదటి గుక్క నాలికెకు నచ్చదు.
రెండోది చెవులదాక పోతది.
మూడో గుక్కకు
మోకాళ్లు నావేనని యాదికొస్తది.

పైసలియ్యబోతే చెయ్యి ఎనుకకు తీస్కుంటది.
"తీస్కుంటే హోటలైతది,
హోటలైతే దినాం పెట్టాలె,
గింజలు హోలీ దాక రావు."
అందుకని నేనో ఉప్పుపుడ,
అంకూస్ బాటరీ సెల్లు.
ఒకసారి ఆమె పింఛను కాయితం
ఆసిఫాబాద్ దాక తీస్కపోయి ముద్రేయించిన.
లెక్క ఎవరమూ రాయం,
దినమంత లెక్కలు రాసేటోన్ని నేను.

ఇప్పుడీయనకు చెప్తే
రేపు ఇంకో మేనేజరును తెస్తడు,
ఎల్లుండి కారు,
అటెనుక ఫోను పట్టుకున్న పిల్లగాండ్లు.
ఉన్నయే నాలుగు చెట్లు.
చెప్పకుంటే,
బ్యాగు జిప్పు పెట్టుకొనీకి
మూడుసార్లు తప్పుతున్నయి ఆయన వేళ్లు.

ఐదు రూపాయల చిల్లర లేదు.
టికెట్ వెనుక ఐదని రాసి గీత కొట్టిన.
గీత కింద ఇంకింత జాగ ఉన్నది.
పెన్ను చలికి రాయనన్నది,
అరచేతులమధ్య రుద్ది రాసిన:

లింబుగూడల దిగు.
ఏం కావాలని అడగకు.
పొయ్యికాడ కూసో.
ఒక్కనివే.

ఆయన రెండుసార్లు చదువుకున్నడు.
"మరి నా ఐదు రూపాయలండీ?"
"అది తాగినంక అడుగుండ్రి సార్,
అప్పటికి యాదుంటే ఇస్త" అన్న.

ఇంజను గరమైంది.
రైట్, రైట్.