నలభై నాలుగో ముడి

మల్కాపురం మాజీ సైనికుల సంఘం కార్యదర్శిగా
నేను రాయాల్సింది సన్మానపత్రం.
"లలితకళలలో విశేష ప్రతిభ కనబరచిన" అని మొదలుపెట్టి
రెండు కాగితాలు నలిపి పారేశాను.
ఇది మూడోది. తప్పులుంటే సభ క్షమించాలి.

మేం అడిగింది ఒక గోడ.
గోడ మీద సింహం, సింహం వెనక జెండా,
కింద నల్లరాతిలో నలభై మూడు పేర్లు.
పాలిటెక్నిక్ పిల్ల, తక్కువకి చేస్తుందని పిలిచాం.
ఆ మాట దాచను.

మైలపల్లి ఎల్లేశ్వరి. జాలరిపేట.
కొలతలకని టేపు తెచ్చి, టేపు తీయకుండా
గాలి వచ్చే వైపు నిలబడింది చాలాసేపు.
ఇళ్ళు తిరుగుతానంది. తిరిగింది.
సుబేదారు గారి భార్య దగ్గర టీ తాగి,
హవల్దారు తల్లి దగ్గర చివాట్లు తిని,
నెల పోయాక పద్దు తెచ్చింది:
నాలుగు బస్తాల తాడు. నలభై మూడు రాగి బిళ్ళలు.
అంతే.

"వలా?" అన్నాను.
"వలే తాతా."
"అమరులకి చేపలు పడతావా?"
అధ్యక్షుడు నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.

"ఉప్పుగాలి అంటే తెలుసా నీకు?"
జాలరి పిల్లని పట్టుకుని అడిగాను చూడండి ఆ మాట!
"ఈ ఊళ్ళో ఇత్తడి పచ్చబడుతుంది,
ఇనుము పొట్టు పొట్టుగా రాలుతుంది.
తాడెంత? రెండేళ్ళు."
"అన్నాళ్ళు కూడా ఉండదు తాతా. ఏడాదికోపాలి తెగద్ది.
తెగినకాడ మళ్ళీ కట్టాల.
రాయయితే ఓపాలి పాతేసి ఎల్లిపోతారు.
వలకయితే మడిసి రావాల."

తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.
వద్దన్న చేతుల్లో నాదొకటి.
మినిట్సు పుస్తకంలో ఉంది, నా దస్తూరీలోనే.

మూడు నెలలు అల్లింది, వేపచెట్టు కింద, వెదురు సూదితో.
ఎవరి ముడి వాళ్ళింటి వాళ్ళ చేతే వేయించింది.
ముడి పడని ముసలి వేళ్ళని
తన వేళ్ళతో పట్టుకుని తిప్పింది.
నేను దూరంగా కుర్చీ వేసుకుని
తప్పులు పట్టడానికి కూర్చున్నాను.

ఒక సాయంత్రం ఉండబట్టలేక
నేవీ ముడి ఒకటి వేసి చూపించాను. బోలైన్.
"మా అయ్యదీ ఇదే తాతా. పేరే వేరు."
జారదు. కావాలంటే ఇట్టే విడుతుంది.
"నాకు నేర్పింది పాలవలస సన్యాసి అని..." అన్నాను.
ఆగిపోయాను.

సన్యాసి యుద్ధంలో పోలేదు.
రేవులో, మిట్టమధ్యాహ్నం, ఓడ కట్టే తాడు తెగి పోయాడు.
తెగిన తాడు కొరడాలా ఎలా వస్తుందో
చూసినవాడికి తెలుస్తుంది.
యుద్ధంలో పోయినవారే జాబితాలో ఉండాలని నిబంధన.
ఆ నిబంధన రాసింది నేను.

ఆవిష్కరణ ముందురోజు లెక్క చూశాను.
బిళ్ళలు నలభై మూడు, ముడులు నలభై నాలుగు.
బిళ్ళ లేనిది కింద, మోకాలెత్తులో, సముద్రం వైపు.
"ఇదెవరిది?"
"మీరు సగంలో ఆపేసేరు కదా తాతా.
మిగతా సగం అది."

నియమం ప్రకారం విప్పించాలి.
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఎక్కడ నొక్కితే విడుతుందో నా వేళ్ళకి తెలుసు.
నలభై ఏళ్ళుగా తెలుసు.
వేళ్ళు మాట వినలేదు.

ఇంతకీ,
శాలువా ఉంది. రెండువేల నూట పదహార్ల చెక్కు ఉంది.
జ్ఞాపికలో ఇంటిపేరు తప్పు పడింది, మార్పిస్తాం.
అమ్మాయికి ఈపూట పరీక్షట, నాలుగింటికి గానీ రాదు.
ఈలోగా రాత్రి గాలికి
నైరుతి మూల రెండు పోగులు తెగాయి.
తాడు తెచ్చాను.
సుబేదారు గారమ్మా,
ఆ కొస కాస్త పట్టుకోండి.