మా నోట లేని కాలం

లింతాల్ బడిలో ఆరో తరగతికి
ఈ సోమవారం భూతకాలం చెప్పాలి.
బయట ఫ్యోన్ గాలి కిటికీ చెక్కల్ని దులిపేస్తోంది.
అది వీచిన రోజున పిల్లలు ఎలాగూ వినరు.

చెప్పాల్సింది వీళ్ళ ఇళ్ళల్లో లేని కాలం.
ఈ లోయ మాటలో ఏదీ జరిగిపోదు,
జరిగి ఉంటుంది.
మంచు కురిసి ఉంది. ఆవు ఈని ఉంది.
పాలు పితికి ఉన్నాం.
పుస్తకాల జర్మన్ అలా కాదు,
ఒక్క క్రియతో తలుపు మూసి గడియ పెడుతుంది.

నా పేరు రేగులా. లాటిన్‌లో నియమం అని అర్థం.
పిల్లలు అది కనిపెట్టి రెండేళ్ళయింది,
ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఇరవై ఏళ్ళు పట్టికలు నింపించాను.
పట్టిక నిండేది,
పక్కనున్న తెల్ల పేజీ తెల్లగానే ఉండేది.

ఫ్రిడొలిన్ వ్యాసం తెచ్చిచ్చాడు:
"తాతకి ఆయన టోపీ కొక్కేనికి ఉంది.
దానికి పచ్చ జున్ను వాసన.
తాత చనిపోయి ఉన్నాడు."

'తాతకి ఆయన టోపీ' కాదు నాయనా, 'తాత టోపీ'.
చెయ్యి తిరిగిన పని, గీత కొట్టేశాను.
టోపీలోంచి 'ఆయన' వెళ్ళిపోయాడు.

చివరి వాక్యం దగ్గర ఎర్ర కలం ఆగింది.
పూర్తిగా తప్పూ కాదు,
కథ చెప్పేటప్పుడు చెల్లదు, అంతే.
"చనిపోయాడు అని రాసి, పైకి చదువు" అన్నాను.
చదివాడు.
"టీచర్, ఇది ఎవరి తాతో."

నిరుడు వాళ్ళమ్మ బీమా కంపెనీకి ఉత్తరం రాసి
దిద్దమని నా వంటింట్లో కూచుంది.
కొండచరియ పడి పాక పోయింది.
నాలుగు వాక్యాలకి రాత్రి పదయింది.
జ్యూరిక్‌లో ఆ బల్ల వెనకాల మనిషికి
లోయ మాట చెవినెక్కదు.
అందుకే ఈ పట్టికలు.
ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

బుధవారం మళ్ళీ తెచ్చాడు.
గంటలు మోగాయి, పెట్టెని మోశారు,
నాన్న జారాడు, ఎవరూ నవ్వలేదు,
అన్నీ గడియ పెట్టిన క్రియలే, ఒక్క తప్పు లేదు.
ఆఖర్న మాత్రం, విడిగా, ఒక గీత కింద:
"తాత చనిపోయి ఉన్నాడు."

వాడికి ఇప్పుడు రెండూ తెలుసు.

ఎర్ర కలం మూసి పెన్సిల్ తీశాను.
మార్జిన్‌లో ఒక్క మాట రాయబోయాను, లోయ మాటలో,
మా అమ్మ నన్ను మెచ్చుకోడానికి అనేది.
దాని స్పెల్లింగు నాకు రాదు. ఎవరూ నేర్పలేదు.
రెండుసార్లు చెరిపాను.