ఇటు తిరిగిన గుర్తు

తరమణిలో రాత్రి రెండున్నర.
మస్కట్ సర్వర్లోని ఆసుపత్రి జాబితా
చెన్నై సర్వర్లోకి దిగింది.
వరసల లెక్క సరిపోయింది, ఒక్కటీ తగ్గలేదు.
పేర్ల గడిలో మాత్రం
????
?????
???
అన్నీ కొక్కేలే. తగిలించిన చొక్కా ఒక్కటీ లేదు.

పాపం, మిషను మోసం చెయ్యలేదు,
అక్షరానికొకటి లెక్కన ఇచ్చింది.
ఆ గడి ఇంగ్లీషు తప్ప మరోటి మింగదని
చూసుకోనిది నేను.

మార్చి, మళ్లీ పంపాను.
ఈసారి అక్షరాలొచ్చాయి,
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని.
కానీ అవి అవేనా?
నా కంటికి అన్నీ తీగలే.

గేటు దగ్గరి కాజా మొయిదీన్‌ని పైకి పిలిచాను.
జెడ్డాలో ఏడేళ్లు లారీ తోలాడు.
టోపీ తీసి చంకలో పెట్టుకుని
కుడి చివర మొదలెట్టాడు:
"నస్రా. సాలిహా. హమద్..."
ఆసుపత్రి వరండాలో నర్సు పిలిచినట్టే.
ఎవరో లేచి వస్తారేమోనని
తలుపు వైపు చూశాను.

పాత జాబితా కూడా చూపిస్తే నవ్వాడు.
"ఇవి వాళ్లవి కావు సార్.
అరబ్బీలో ప్రశ్న అటు తిరిగుంటుంది."

అతను టీకి దిగిపోయాక
ఆ మొదటిది చెరిపెయ్యమన్నాను.
నిజంగానే చెరిపెయ్యాలా, అనడిగింది మిషను,
ఇటు తిరిగిన గుర్తుతో.