జడ్డిగం

రుద్రంపేట బైపాసులో నా లేతు షాపుకు
ఆ పిల్ల సంచిలోంచి తీస్తే సొరబుర్ర అనుకున్నా.
నల్ల ప్లాస్టిక్ బుర్ర. కింద పొట్టి మెడ.
మూత తీస్తే లోపల రంగు గుండ్లు,
చేపనూనె మాత్రల మాదిరి పల్చని తోలు.

"ఇది గన్ను మీద కూచుంటాది," అనింది నిషాత్.
"నాది ఎడమ చేయన్నా. ఎడమ కన్నుతో గురి చూస్తా.
ఈ బుర్ర నా చూపుకు అడ్డం.
పక్కకు వంచియ్యి. గుండ్లు మాత్రం ఆగకూడదు."

కదిరి రోడ్డులో, సోలారు పలకల పక్కన
బీడుపడిన నాలుగెకరాల్లో తడికెలు నాటి
ఆదివారాలు రంగులతో కాల్చుకుంటారంట.
ఆ బీడు ఎవరిదో నాకు తెలుసు.
దాన్ని ఆనుకున్న చేను మాది. పలకల కింద ఉంది ఇప్పుడు.
ఆ మాట ఆ పిల్లకు చెప్పలేదు.

మొదటిరోజు పీవీసీ మోచేయి కోసి అతికించినా.
వంపు కాడ రెండు గుండ్లు భుజాలానించి
ఒకే వాకిట్లో దూరబోయిన తోటికోడళ్ళ మాదిరి
నిలబడిపోయినాయి.
తట్టితే కదిలినాయి. మళ్ళీ నిలబడినాయి.
వెర్నియర్ పెట్టి కొలిస్తే పొద్దున పదిహేడు,
మధ్యాన్నానికి పదిహేడున్నర.
అనంతపురం ఎండకు గుండుకు కూడా ఒళ్ళొస్తాది.

రెండోరోజు అతుకు లోపల
గోరు పట్టేంత గట్టు తగిలింది.
ఎమిరీ కాగితం చూపుడువేలికి చుట్టి
తిప్పినా, తిప్పినా, టీ చల్లారిపోయేదాకా.
చూపు పోని చోట వేలే కన్ను.
అయినా నాలుగు జారి ఐదోది ఆగుతాది.

రాత్రి కరెంటు పోయింది.
బుర్ర ఒళ్ళో పెట్టుకుని చీకట్లో కూచుంటే
గొర్రు వెనక నడుస్తా వచ్చింది మా యమ్మ వన్నూరమ్మ.
ముందర నాయన ఎద్దుల్ని అదిలిస్తాంటే
జడ్డిగం మీద ఆమె పిడికిలి.
పిడికిలి నిండా ఇత్తనాలే, పడేది ఒగటొగటే.
"గబుక్కున పోస్తే గొంతు పూడుకుంటాది రా.
బొటనేలు కదలాల. ఊరికే కదుల్తానే ఉండాల.
ఇత్తనాన్ని తొయ్యాకు. నిద్ర మాత్రం పోనీయాకు."

మూడోరోజు సైకిల్ ట్యూబులో నాలికలు మూడు కోసి
పాత టేప్ రికార్డర్ మోటారు ఇరుసుకు గుచ్చినా.
మందంగా ఉంటే గుండు చితుకుతాది,
పల్చగా ఉంటే దాని మాట గుండు వినదు.
పదకొండు చితికినాక కుదిరింది.
నా చేతులు మోచేతుల దాకా పసుపూ నీలం.
"ఏ పెండ్లికి పోయింటివి మామా?"
కుళ్ళాయప్ప ఒకటే నవ్వు.

షాపు వెనక తుప్పు రేకుకు ఎదురుగా
నిషాత్ ఎడమ భుజానికి ఆనించి,
ఎడమ కన్ను తెరిచి,
నడుస్తా నడుస్తా వదిలింది.
టక టక టక టక
ఒగటి ఆగలేదు. ఒగటి లోపల పగల్లేదు.
రేకు మీద ఈ కొస నుంచి ఆ కొసకు
బెత్తెడుకొక పసుపు మచ్చ.
సాలు తప్పలేదు.

ఆరునూర్లు అన్నా. నాలుగునూర్ల యాభై చేతిలో పెట్టింది.
మోటారు ఖరీదు చెప్పబోయి ఊరకున్నా.
"వచ్చేవారం ఇంకో ఇద్దర్ని తెస్తా," అని స్కూటీ ఎక్కింది,
బుర్ర సైడు డిక్కీలో పట్టలేదు,
కాళ్ళ మధ్య పెట్టుకుని పోయింది.

రేకు కడగబోతాంటే కుళ్ళాయప్ప అడిగినాడు,
"రాత్రంతా జడ్డిగం జడ్డిగం అంటాంటివి,
ఏంది మామా అది?"

చెప్పడానికని చేయి చాపి పిడికిలి మూసినా.
బొటనేలు దానంతట అదే కదిలింది.
లోపల ఏముందోనని
వాడు వంగి చూస్తా ఉన్నాడు.