ఎడమ చెవి

మొదటి రోజే అడిగాడు పిచ్చయ్య మాస్టారు:
"ఇట్టా నిలబడటం ఎవరు నేర్పారే నీకు?"
ఒంటిమీది తెల్లబట్టలు ఎవరివో,
చేతులు రెండు మడతలేసి తొడుక్కున్నా.
చెప్పలేదు.

ఏం చెప్పను,
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వెనక
లారీ కుదుపుకి రాలే తాలుకాయల కోసం
గోతం పట్టుకు నిలబడ్డ తొమ్మిదేళ్ళదాన్నని?
అమ్మ లోపల తొడాలు తీసేది, కిలోకింతని.
బయట రాలింది ఎవరు ఏరితే వాళ్ళది,
అంటే, ఎవరు కొడితే వాళ్ళది.

అక్కడ ఈల ఊదేవాడు లేడు.
గీత లేదు. గీత ఉండాల్సిన చోట సైడు కాలవ.
ఘాటు గాల్లో లేచినప్పుడు
కళ్ళు తెరిచినవాడే ముందు తన్నులు తినేది.
నేను మూసుకునేదాన్ని.
ఎండుకాయ కాలికింద చిట్లిన చప్పుడు చాలు,
ఎటునుంచి వస్తున్నాడో, ఏ కాలు ముందేశాడో.
కాలవ గట్టుమీద జారి పడీ పడీ
మోకాళ్ళు వంచడం వచ్చింది.
జుట్టు దొరికిందని సంజీవిగాడు ఈడ్చాక
అమ్మ చేతే కత్తెర వేయించుకున్నా.

మీరావలి ఒక్కడే
ఆడపిల్లనని బలం తగ్గించి కొట్టలేదు.
అందుకే ఏదన్నా వస్తే వాడి దగ్గరే వచ్చేది.
పొద్దున కొట్టుకుని, సాయంత్రం
ఒకే పుల్లఐసు చెరోవైపు చీకేవాళ్ళం.

ఒకరోజు, అరగోతం కాయలకి,
నా అరచెయ్యి బోర్లా వాడి చెవిమీద పడింది.
వాడు ఏడవలేదు.
తల ఒక పక్కకి వంచి
దూరం నుంచి ఎవరో పిలిచినట్టు
చాలాసేపు విన్నాడు.

తర్వాత నల్లబెల్టు, విశాఖలో పతకం.
నా అడుగులు చూసి జడ్జీలు మాస్టారిని మెచ్చుకుంటే
ఆయన నావైపు చూసి ఊరుకున్నాడు.

ఇప్పుడు మున్సిపల్ స్కూలు మేడమీద
నెలకి మూడొందలకి నేనే నేర్పుతున్నా.
నిన్న ఆటో ఆపి, మెట్లెక్కి
కూతుర్ని తెచ్చాడు మీరావలి.
గౌసియా. ఎనిమిదేళ్ళు. పై పన్ను ఊడింది.
బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించింది,
వేలు బయటికి తీసి పెట్టాను.

"గట్టిగా కొట్టడం నేర్పవే" అన్నాడు.
"ముందు ఆపడం నేర్పుతా" అన్నాను.
"ఏందీ?" అన్నాడు.

నేను వాడికి ఎడమ పక్కన నిలబడి ఉన్నా.
చుట్టూ తిరిగి
కుడి పక్కకి వెళ్ళి
మళ్ళీ చెప్పాను.