అగ్గిపెట్టెలో రెప్పపాటు

తిబిలిసీలో డిసెంబరు. అయిదున్నరకే చీకటి.
పై అంతస్తు తమ్తా వచ్చి
నా వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బాకి
ఫోను నిలువుగా ఆనించింది.
"చూడు నానులీ, నేనే కట్ చేశాను."

ముప్పయ్యొక్క ఏళ్లు కత్తిరించాను నేను.
స్టూడియోలో మూడో అంతస్తు, కిటికీ లేని గది,
చేతులకు తెల్ల నూలు తొడుగులు.
అసిటోను వాసన నా పెళ్లినాడు కూడా వదల్లేదు.
మేకులకు వేలాడే ఫిల్ము ముక్కల తోకలు
కింద గుడ్డసంచిలో చుట్టలు చుట్టుకుని పడుకునేవి.

అప్పట్లో మనిషి గదిలోంచి వీధిలోకి రావాలంటే
తలుపు తియ్యాలి, మెట్లు దిగాలి.
పధ్నాలుగు మెట్లు. పధ్నాలుగూ దిగేవాడు.
లేకపోతే కొండ ఊళ్ల నుంచి ఉత్తరాలొచ్చేవి:
"కిటికీలోంచి దూకాడా ఏమిటి, మీవాడు?"

జనం నేర్చుకున్నారు.
ఏడు మెట్లు తీసేశాను, ఎవరూ పడిపోలేదు.
ఆ తర్వాతి సినిమాలో మెట్లే తీసేశాను.
తలుపు మూతపడగానే వీధి.
చూసేవాళ్ల మోకాళ్లు వాటంతటవే దిగేవి.

ఏళ్లు గడిచాయని చెప్పడానికి
ఒక బొమ్మలోకి ఇంకో బొమ్మ కరిగించేవాళ్లం,
వేడి పాలల్లో తేనె దిగినట్టు.
ల్యాబులో దానికి వారం పట్టేది.
ఇప్పుడు బొటనవేలు కదిపితే ఏళ్లు గడుస్తాయి.

ఇంటింటికీ పెట్టె వచ్చాక ఓతర్ అన్నాడు:
"దగ్గరికి, ఇంకా దగ్గరికి!
ఆ డబ్బాలో కొండలు చీమలపుట్టలు.
ముఖమొక్కటే పడుతుంది."
అలా మా సినిమాల్లోంచి
కాకసస్ కొండలు వెళ్లిపోయాయి.
ముక్కులు వచ్చాయి.

కరెంటు లేని ఆ చలికాలాల్లో స్టూడియోకి తాళం.
దిదూబే బజార్లో పొద్దుతిరుగుడు గింజలు అమ్మాను.
పొట్లాలకు స్క్రిప్టు కాగితాలు వాడాను.
ఎవరెవరి మాటలో ఎవరెవరి జేబుల్లోకో పోయాయి.

తమ్తా సినిమా చూసేది మెట్రో ఎస్కలేటరు మీద.
శబ్దం లేకుండా, అక్షరాలు చదువుకుంటూ,
ఒకటిన్నర రెట్ల వేగంతో.
అందులో నిట్టూర్పు కూడా పరుగెడుతుంది.
నాకు కోపం రావాలి.
నిజం చెప్పాలంటే, రాలేదు.
పధ్నాలుగు మెట్లు దొంగిలించినదాన్ని,
ఏ ముఖం పెట్టుకుని తిడతాను?

అందుకే అగ్గిపెట్టె తీశాను.

డెబ్భై నాలుగులో ఒక షాటు.
ఎతేరి ఉత్తరం చదవడం ముగించి
ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది.
"అది నటన కాదు, అలసట. తీసెయ్" అన్నాడు ఓతర్.
తొమ్మిది ఫ్రేములు.
తీశాను. రూలు ప్రకారం బుట్టలో వెయ్యాలి.
వెయ్యలేదు.
సినిమా విడుదలైంది, ఆడింది, మాయమైంది.
నెగెటివు మాస్కోలో ఉందంటారు కొందరు,
తగలబడిందంటారు ఇంకొందరు.
నా దగ్గర మిగిలింది అందులో లేనిది.

తమ్తా ఫ్రిజ్ తలుపు తీసి
ఆ వెలుగులో, పెరుగు గిన్నె పక్కన,
ఒక్కొక్కటీ ఎత్తిపట్టి ఫొటో తీసింది.
"నిలువుగా చేస్తే పక్కన దీపం పోతుందే" అన్నాను.
"పోనీ" అంది.
పోయింది.
చెప్పకూడదుగానీ, బాగానే ఉంది.

తొమ్మిదింటినీ గొలుసు కట్టి వదిలింది.
ఎతేరి కళ్లు మూసింది, తెరిచింది.
మూసింది, తెరిచింది.
ముందు ఉత్తరం లేదు. తర్వాత ఏడుపు లేదు.
మొదటి ఫ్రేముకీ చివరిదానికీ మధ్య
అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు.
దీనికి మా రోజుల్లో పేరు లేదు.
రెప్పపాటంటే
అంతలోనే అయిపోయేదనుకునేదాన్ని.

టీ చల్లారింది.
తెల్లారేసరికి నాలుగువేల మంది చూస్తారంది తమ్తా,
ఎవరో ఏమిటో తెలియకుండానే.
ఎతేరి పోయి పంతొమ్మిదేళ్లు.
మూస్తోంది, తెరుస్తోంది.
ఆ రోజు పొద్దుటి నుంచీ పదహారు టేకులు చేసింది పాపం,
మధ్యలో అన్నం కూడా తినలేదు.

"ఆపవే" అన్నాను,
"కాసేపు పడుకోనీ."

తమ్తా వెనక్కీ ముందుకీ వేలితో జరిపి, జరిపి,
అయిదో ఫ్రేము దగ్గర ఆపింది.