ఖాళీ లేదు

ఇక్రామ్ ఫోన్ చేసింది.
"అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా" అన్నాడాయన,
గొంతు నిండా తేనె.

పది నిమిషాలాగి
అదే నంబరుకి నేను చేశాను,
నా పేరు లిస్‌బెత్ అని చెప్పి.
ఇల్లు మళ్లీ ఖాళీ అయింది.
వంటింట్లోకి పొద్దుటి ఎండ బాగా వస్తుందట,
కిటికీలోంచి కాలువలో బాతులు కనిపిస్తాయట.

గెంట్ ఊళ్లో ఒకే బేకరీలో
ఆరేళ్లుగా ఒకే బల్ల మీద పిండి పిసుకుతున్నాం.
ఏది ఎవరు పిసికిందో
కొనేవాళ్లెవరూ అడగలేదు.
నేను కోపంతో ఊగిపోతుంటే
తను గోళ్లలో పిండి గీక్కుంటూ
"ఇది పదకొండోదిలే" అంది.

మర్నాడు ఇద్దరం వెళ్లాం.
ఆయన తలుపు తీసి
ముందు తన హిజాబ్‌ని చూశాడు,
తర్వాత నన్ను,
మనం మనం ఒకటే కదా అన్నట్టు.

ఆ చూపు ట్రామెక్కి నాతో ఇంటిదాకా వచ్చింది.
ఎక్కడో చూసిన ముఖమే అది.
తను పనిలో చేరిన రోజు
నా చేతిసంచిని అలమారలో పెట్టి
తాళం వేశాను నేను.
అంతకుముందు ఎన్నడూ వెయ్యలేదు.

ఆ తాళం చప్పుడు తను విందో లేదో
ఇవాళ్టికీ అడగలేదు.

రేపు పన్నెండో ఇంటికి
తన పేరుతోనే ఫోన్ చేస్తుందట.
పక్కన కూర్చోమంది.